కడియం, మార్చి నెల

11 మార్చి 2025, మంగళవారం. హాలే, జర్మనీ

గది అప్పగించేశాను. కేర్‌టేకర్ పదింటికి వస్తానన్నాడు, పదింటికే వచ్చాడు. కిటికీ తెరిచి మూశాడు. కుళాయి మొదట్లో నీళ్ల చార ఉందేమోనని వేలితో తడిమాడు. ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతలు కూడా విప్పి చూశాడు. వంటగట్టు మీద పసుపు మరక దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు. వెనిగర్ పోసి, వంటసోడా చల్లి, ఆఖరికి టూత్‌పేస్టు పెట్టి రుద్దినా వదలని మరక అది. ఏమిటని అడిగితే చెప్పడానికి జర్మన్‌లో ఒక వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాను. అడగలేదు. ఫారంలో ఏదో రాసుకుని సంతకం పెట్టమన్నాడు. డిపాజిట్‌లో ఎంత కోత పడుతుందో తర్వాత తెలుస్తుందట.

ఊరి రిజిస్ట్రేషన్ ఆఫీసులో గురువారమే పేరు తీయించుకున్నాను. ఈ దేశంలో ఓ ఊళ్లో కాపురం పెడితే ఆఫీసుకెళ్లి పేరు రాయించుకోవాలి, దేశం వదిలి పోయేటప్పుడూ చెప్పి పోవాలి. అక్టోబర్‌లో ఆ మొదటి కాగితానికి అపాయింట్‌మెంట్ దొరక్క నానా తంటాలు పడ్డాను. పోతానంటే మాత్రం ఐదు నిమిషాల్లో తేల్చేశారు.

కుక్కర్, పోపుల డబ్బా, చపాతీ కర్ర వచ్చే నెల దిగబోయే వరంగల్ అమ్మాయికి వదిలేశాను. నాకూ అవి అలాగే వచ్చాయి, నా ముందున్న తెనాలి అమ్మాయి నుంచి.

సాయంత్రం బొటానికల్ గార్డెన్ వైపు నడిచాను. 1698లో పెట్టిన తోట. జనవరిలో ప్రాక్టికల్స్‌కి అక్కడి గాజు ఇంట్లోకి మొదటిసారి వెళ్లిన రోజు మర్చిపోలేను. బయట గడ్డ కట్టే చలి. తలుపు తీసి లోపల అడుగు పెట్టగానే కళ్లద్దాలు పొగలు కమ్మి ఏమీ కనపడలేదు. వాసన మాత్రం తెలిసింది: తడిసిన మట్టి, కుళ్లుతున్న ఆకు, సాయంత్రం మోటారు కట్టేశాక మా నర్సరీలో వచ్చే వాసన. అద్దాలు తుడుచుకుని చూస్తే ఎదురుగా అరటి చెట్టు. దానికో పలక, పలక మీద పేరు, వంశం, పుట్టిన ఖండం. మా కాలవ గట్టు మీద అడిగేవాడు లేని అరటికి ఇక్కడ రాత్రీ పగలూ హీటరు! పక్కనున్న సహాధ్యాయి నా మొహం చూసి అలర్జీ అనుకుంది.

13 మార్చి, గురువారం. సికింద్రాబాద్ స్టేషన్

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి తిన్నగా హైదరాబాద్‌కే విమానం ఉండటం ఎంత హాయో. పగలంతా స్నేహితురాలి హాస్టల్లో పడి నిద్రపోయాను. ఒక సెమిస్టర్ చదవడానికి నన్ను హాలే పంపిన మా యూనివర్సిటీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, మార్కుల కాగితం వచ్చాక రమ్మన్నారు. గౌతమీ ఎక్స్‌ప్రెస్ కోసం కూర్చున్నాను. ప్లాట్‌ఫాం మీద ఇంతమంది గట్టిగా మాట్లాడుతుంటే ఎవరో పోట్లాడుకుంటున్నారనుకుని రెండు మూడుసార్లు తల తిప్పాను. ఎవరూ పోట్లాడుకోవడం లేదు.

14 మార్చి, శుక్రవారం. కడియం

తెల్లవారుజామున గోదావరి మీద బండి మెల్లగా పోయింది. నాణేలు వేసేవాళ్లు వేశారు. హాలేలో సాలె నది ఒడ్డున ఎన్ని సాయంత్రాలు కూర్చున్నానో, దాన్ని నది అని ఎలా ఒప్పుకున్నానో ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంది.

ఊరేగింపు ఉంటుందని కాదు గానీ, కాస్త హడావుడి ఉంటుందనుకున్నాను. ఇంట్లో టీవీ లేదు, అంటే ఉంది, గుడ్డ కప్పేశారు. తమ్ముడి ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు. రేపు ఒకటుంది. అమ్మ గుసగుసగా, "వచ్చావా, మొహం కడుక్కో, వాడు పడుకుని గంటే అయింది" అంది. నాన్న స్టేషన్ నుంచి బండి మీద తెచ్చి దింపేసి అటునుంచటే లోడు దగ్గరికెళ్లిపోయారు. చాక్లెట్ డబ్బా, 1804 నాటి కంపెనీదని నేను గొప్పగా మోసుకొచ్చింది, పరీక్షలయ్యేదాకా ఫ్రిజ్‌లో పెట్టారు.

సపోటా చెట్టు లేదు.

దొడ్డి గుమ్మంలోంచి చూస్తే ఎప్పుడూ అదే అడ్డం వచ్చేది. ఇప్పుడు సూటిగా ఆకుపచ్చ షేడ్‌నెట్, కింద వరసలు వరసలుగా పామ్ మొక్కలు. అపార్ట్‌మెంట్ల వాళ్లు, రిసార్టుల వాళ్లు అవే అడుగుతున్నారట, మామిడి అంట్లకి ఇదివరకటి బేరం లేదట. మధ్యాహ్నం అన్నం దగ్గర, "చెట్టు కొట్టేసినట్టు చెప్పలేదేం నాన్నా?" అన్నాను.

"ఫోన్లో చెప్పేదా అది?" అన్నారు.

ఆ మాట నిజమే. ఏమని చెప్తారు?

16 మార్చి, ఆదివారం

పొద్దున్నే మామ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని, "గడ్డం మీద ఈ మొటిమలేంటే?" అంది. మామూలుగా అయితే చేత్తో తడిమి చూసే మనిషి. నాలుగడుగుల దూరంనుంచి మొటిమలు లెక్కపెడుతోంది.

విషయం అప్పుడు బయటపడింది. సంక్రాంతి వెళ్లాక కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేయించారు. నాకు ఫిబ్రవరిలో పరీక్షలు, కంగారు పడతానని చెప్పలేదు. ఆ రోజుల్లో వీడియో కాల్ చేస్తే "మామ్మ పడుకుంది", "మామ్మ గుడికెళ్లింది", "మీ తమ్ముడి ఫోన్లో కెమెరా పోయింది". అన్నీ నమ్మాను. అందరూ కలిసి ఇంత చక్కగా అబద్ధమాడగలరని నాకు తెలీదు. అడిగితే అమ్మ, "నువ్వు మాత్రం అన్నీ చెప్పావా?" అంది, ఊరికే, పప్పు రుబ్బుకుంటూ.

చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటాను. డిసెంబర్ 20 శుక్రవారం రాత్రి మాగ్డెబుర్గ్ క్రిస్మస్ మార్కెట్‌లో జనం మీదికి ఒకడు కారు తోలాడు. గాయపడ్డవాళ్లలో ఏడుగురు మన దేశం వాళ్లు. అమ్మ మర్నాడు పొద్దున్నే టీవీలో చూసి ఫోన్ చేస్తే, "మాకు చాలా దూరం అమ్మా, ఆ ఊరు ఎటుందో కూడా తెలీదు" అన్నాను. రైలెక్కితే గంట. ఆ శనివారం ల్యాబ్ వాళ్లమంతా అక్కడికే వెళ్దామనుకున్నాం, ఎవరెవరు ఏ బండికి రావాలో కూడా అనుకున్నాం. ఇది ఇప్పుడు అమ్మకి చెప్పి ప్రయోజనం లేదు. మామ్మ శుక్లం నా మొటిమల వల్ల బయటపడింది, నాది పడాల్సిన పని లేదు.

అసలు ఆ ఫోన్లే ఓ తంతు. నవంబర్ నుంచి వాళ్లకీ మనకీ నాలుగున్నర గంటల తేడా. ఇక్కడ భోజనాలయ్యాక తొమ్మిదింటికి చేస్తే అక్కడ నాలుగున్నర. డిసెంబర్‌లో నాలుగింటికే పొద్దు గూకుతుంది. నా వెనక కిటికీ నల్లగా కనపడగానే అమ్మ, "అప్పుడే రాత్రయిపోయిందా, అన్నం తిన్నావా?" అనేది. సాయంత్రం నాలుగున్నరకి అన్నం తిన్నానని చాలాసార్లు ఒప్పుకున్నాను.

19 మార్చి, బుధవారం

మార్కులు వచ్చాయి. ముఖ్యమైన పేపర్లో 1.3. ఎగిరి గంతేశాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని చూసి ఏమీ అనకుండా ఫోన్ తిరిగిచ్చారు. కాసేపాగి, "పోన్లే అమ్మా, కొత్త చోటు కదా" అన్నారు.

అక్కడ ఒకటి అంటే అన్నిటికంటే పైన, నాలుగు దాకా పాసు, అయిదు ఫెయిల్. ఇది నాన్నకి చెప్పి, అమ్మకి చెప్పి, ఎదురింటి బాబాయిగారికి చెప్పి ఓపిక అయిపోయింది. బాబాయిగారు మొత్తం విని, "అయితే సున్నా వస్తే యూనివర్సిటీ ఫస్టా?" అన్నారు.

నవ్వులాట కాదు, అసలు గొడవ దీనితోనే ఉంది. మా యూనివర్సిటీ ఆఫీసువాళ్లు ఈ గ్రేడుని పది పాయింట్ల లెక్కలోకి మార్చి జర్మనీ వాళ్ల చేతే ధ్రువీకరించి తెమ్మంటున్నారు. అక్కడి వాళ్లేమో మార్చుకోవడం మీ యూనివర్సిటీ పని, మాకు సంబంధం లేదంటున్నారు. క్రెడిట్లదీ అదే బాధ. సెమిస్టర్‌కి వాళ్లవి 30 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కి పాతిక నుంచి ముప్ఫై గంటల పని, అందులో ఇంటి దగ్గర చదువుకున్నదీ కలుస్తుంది. మన దగ్గర క్లాసులో కూర్చున్న గంటలే లెక్క. లైబ్రరీలో కూర్చున్న గంటలకి హాజరుపట్టీ ఏదని క్లర్కుగారు అడిగారు. వెళ్లే ముందు ఇరువైపులా సంతకాలు పెట్టిన ఒప్పందం కాగితం ఉంది. అందులో ఇదంతా ఉందని చెప్తే, ఆ సెక్షన్ చూసేవారు బదిలీ అయిపోయారన్నారు.

22 మార్చి, శనివారం

నీళ్ల సీసాలు కడిగి, మూతలు పెట్టి వంటింటి మూల వరసగా నిలబెడుతుంటే అమ్మ నిన్నటిదాకా ఊరుకుంది. అక్కడ ఒక్కో సీసా మిషన్లో వేస్తే పాతిక సెంట్లు వెనక్కొస్తాయి, చెయ్యి అలవాటు పడిపోయింది. ఇవాళ పాత సామాన్ల బండి వస్తే అమ్మ వాటన్నిటినీ వేసి ఉల్లిపాయలు తీసుకుంది. రేటు జర్మనీ వాళ్లదే నయమనిపించింది గానీ, ఉల్లిపాయలు మంచివి.

ఇంకో అలవాటు: గుమ్మం దాటగానే జేబు తడుముకోవడం. తాళంచెవి మర్చిపోతే అక్కడ తలుపు దానంతటదే పడిపోతుంది, తీయించడానికి మనిషిని పిలిస్తే నెల సరుకుల డబ్బు పోతుంది. మా ఇంటికి తాళంకప్ప ఎక్కడుందో అమ్మకే సరిగ్గా తెలీదు. ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. అదే సుఖం, ఒక్కోసారి అదే విసుగు. నా గదికి గడియ బిగించమని నాన్నని అడగాలనుంది, అడిగితే అమ్మ ఏమనుకుంటుందోనని ఊరుకున్నాను.

23 మార్చి, ఆదివారం

తెలుగు మాస్టారు వచ్చారు. రిటైరై చాలా ఏళ్లయింది, నేను హాలే వెళ్తున్నానని తెలిసినప్పుడు ఊరంతటిలో ఆ పేరు గుర్తుపట్టింది ఆయనొక్కరే. వస్తూనే, "చూశావా?" అన్నారు. ఏమి చూశానో చెప్పక్కర్లేదు మా ఇద్దరికీ.

బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1719లో మన దేశం వచ్చాడు, మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకున్నాడు, వ్యాకరణం రాశాడు. 1743లో హాలే తిరిగెళ్లిపోయి, అక్కడ తెలుగు అచ్చు అక్షరాలు పోయించి, 1746, 47లలో క్రైస్తవ మత పుస్తకాలు తెలుగులో అచ్చు వేయించాడు. మనకి తెలిసినంతలో అచ్చులో తెలుగు పుస్తకాలు అవే మొదలు. ఫ్రాంకె అనే ఆయన అనాథాశ్రమంగా మొదలుపెట్టిన, ఆ పుస్తకాలు దాచిన పెద్ద ఆవరణకి నేను వెళ్లాను. చెక్క దూలాల పొడవాటి భవనం, పై అంతస్తులో మొసలితో సహా వింతవస్తువుల గది, పద్దెనిమిదో శతాబ్దపు లైబ్రరీ. అన్నీ చెప్పాను.

"పుస్తకం చూశావా?" అన్నారు మాస్టారు.

చూడలేదు. ముందుగా రాసి అనుమతి తీసుకోవాలి, చేరేసరికి నా ల్యాబ్ పనులు మొదలైపోయాయి. ఆయన మొహం చిన్నబోయింది. అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, కాసేపటికి తనే తేరుకుని, "పాతికేళ్లకి తన దేశం వెళ్లి, అక్కడ ఒక్కడికీ చదవడం రాని భాషలో పుస్తకాలేశాడు చూడు. ఎవరికి చెప్పుకుని ఉంటాడో" అన్నారు.

షుల్జ్ సంగతేమో గానీ, ఇంటికొచ్చిన దగ్గర్నుంచి నన్ను అరగంటసేపు కూర్చోబెట్టి అక్కడి విషయాలు అడిగినవారు ఈయనే.

30 మార్చి, ఆదివారం. ఉగాది

విశ్వావసు నామ సంవత్సరం. తమ్ముడి పరీక్షలయ్యాయి, వాడికి మళ్లీ జేఈఈ గొడవ, అయినా టీవీ మీద గుడ్డ తీశారు. నాన్న చీకటితోనే కడియపులంక పూల మార్కెట్‌కెళ్లి బంతి, చేమంతి తెచ్చారు, పండగ రేటు చూసి తిట్టుకుంటూ. వేపపువ్వు దొడ్లోదే. మామ్మ కొత్త కంటితో చెరుకు ముక్కలు తనే తరిగింది, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

హాలే నుంచి సహాధ్యాయి మెసేజ్: ఇవాళ తెల్లవారుజామున వాళ్లు గడియారాలు గంట ముందుకి జరుపుకున్నారు. మార్చి ఆఖరి ఆదివారం ఎప్పుడూ అంతే, ఈసారి ఉగాది నాడే పడింది. ఇకనుంచి తేడా మూడున్నర గంటలే. పంచాంగ శ్రవణం వింటున్న మామ్మకి చెప్పాను. చాలాసేపు ఆలోచించింది.

"మరి రాహుకాలం?" అంది.

1 ఏప్రిల్, మంగళవారం

ఎల్లుండి హైదరాబాద్. ఒప్పందం కాగితం నకళ్లు మూడు తీయించాను, క్లర్కుగారు మారినా పనికొచ్చేలా.

పొద్దున నర్సరీలో ఆడవాళ్ల దగ్గర కూర్చున్నాను. కవర్లు నింపుతున్నారు. ఎడమచేత్తో కవరు నోరు విప్పి, కుడిచేత్తో కొబ్బరి చిప్పతో మట్టి పోసి, నేల మీద రెండు దెబ్బలు కొట్టి, బొటనవేలు దించి మొక్కకి గుంట. ఎర్రమట్టి, పశువుల గెత్తం, కొబ్బరి పొట్టు. మాటలాగవు, చేతులాగవు. అందరిలోకీ పెద్దావిడ, నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి, తలెత్తకుండానే అడిగింది.

"అక్కడ కూలెంత పాపా?"

ఇన్నాళ్లకి ఒక సరైన ప్రశ్న. జనవరి నుంచి గంటకి కనీసం 12.82 యూరోలు. యూరో తొంభై మూడు రూపాయలనుకున్నా, దగ్గర దగ్గర పన్నెండొందలు. చెప్పాను.

"రోజుకా?"

"గంటకి."

చేతులు ఆగాయి, అందరివీ. తర్వాత ఒకటే ప్రశ్నలు. బియ్యం ఎంత? కిలో రెండు యూరోల దాకా ఉంటాయి. అద్దె? నా ఒక్క గదికే ఇరవై ఎనిమిది వేలయ్యేది. జ్వరమొస్తే? జీతంలో ముందే కోసుకుంటారు, ఆస్పత్రికి మళ్లీ పెద్దగా కట్టక్కర్లేదు. ఆడాళ్లకీ మగాళ్లకీ ఒకటేనా? చట్టం ప్రకారం కనీసం కూలి ఒకటే. ఇక్కడ ఒకావిడ చీర కొంగుతో మొహం తుడుచుకుని పక్కావిడ వంక చూసింది. పెద్దావిడ నోటి లెక్కలో మునిగిపోయింది. నెలకి అద్దెపోను, తిండిపోను ఎంత మిగులుతుందో ఆవిడకి నాకంటే ముందే తేలింది.

"అంతేసి ఇచ్చుకుని అక్కడ కవర్లు ఎవరితో నింపిస్తారమ్మా?"

ల్యాబ్ వాళ్లతో కలిసి ఓ నర్సరీ చూడ్డానికి వెళ్లినప్పుడు చూశాను. మిషను. ఒక చివర కుండీలు పేర్చి, మట్టి పోస్తే, అటువైపు నిండినవి బెల్టు మీద వస్తాయి. మనుషులు ఇద్దరో ముగ్గురో.

"మరి గుంట? దానికి బొటనవేలుంటదా?"

"గుంట కూడా అదే తవ్వుతుంది. మరలాంటిది ఒకటి దిగుతుంది."

పెద్దావిడ చిప్ప కింద పెట్టి, నర్సరీ గేటు వైపు చూసింది. నాన్న లారీవాడితో బేరం చేస్తున్నారు.

"ఈ సంగతి మాత్రం నాన్నగారికి చెప్పకు పాపా" అంది.