నీడ మా ఊరి మీదుగా పోయింది

1980 ఫిబ్రవరి 16, శనివారం. చంద్రుడి నీడ కర్ణాటక తీరంలో అంకోలా వైపు నుంచి నేల మీదికి వచ్చి రాయచూరు, మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం దాటి పూరీ వైపు సాగిపోయింది. నీడ వెడల్పు 100 కిలోమీటర్లకు కాస్త పైన. అందులో ఉన్నవాళ్లకే సంపూర్ణ సూర్యగ్రహణం. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ల జపాల్-రంగాపూర్ వేధశాల లోపల పడింది. హైదరాబాద్ నగరం మాత్రం కొద్దిలో ఉత్తరాన బయట ఉండిపోయింది.

మాది సూర్యాపేట. నాన్న పత్రికలో వచ్చిన పటం కత్తిరించి గోడకు అంటించాడు. రెండు గీతల నడుమ మా ఊరు. 1868 ఆగస్టులో ఇలాంటి నీడే గుంటూరు మీద పడిందనీ, జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అంత దూరం నుంచి ఓడెక్కి వచ్చి చూశాడనీ సైన్సు మాస్టారు చెప్పారు. వాళ్లు ఓడలెక్కి వెతుక్కుంటూ వచ్చినది మా గుమ్మం ముందుకే వస్తోందని నాకప్పుడు ఒళ్లు పులకరించింది.

వీధిలో మాత్రం పొద్దున్నే వండుకు తిని పొయ్యిలార్పేశారు. నాయనమ్మ పచ్చడి జాడీల మీదా నీళ్ల బిందెల మీదా గరిక వేసింది. ఎదురింటివాళ్లు ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టారు. చిన్నమ్మకు ఏడో నెల. ఆమెను లోపలి గదిలో పడుకోబెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టి, కదలొద్దన్నారు.

నాన్న నన్ను బడి మైదానానికి తీసుకెళ్లాడు. మాస్టారు అట్టముక్కకు సూదితో చిల్లు పొడిచి, సూర్యబింబాన్ని తెల్లకాగితం మీద పడేట్టు పట్టుకున్నారు. కానుగ చెట్టు కింద ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలన్నీ నెలవంకలైపోయాయి. మూడూ ముప్పావు దగ్గరపడే కొద్దీ ఎండలో వేడి తగ్గింది, మా నీడల అంచులు పదునెక్కాయి. నైరుతి ఆకాశం ముంచుకొచ్చే వానలా నల్లబడింది. చివరి వెలుగు ఒక్క చోట భగ్గుమని ఆరిపోయింది.

“ఇప్పుడు చూడండి, ఉత్త కళ్లతో చూడొచ్చు” అని మాస్టారు గట్టిగా అరిచారు.

నల్లటి బింబం చుట్టూ తెల్లటి వెలుగు పోగులు అన్ని వైపులకూ విరిసి ఉన్నాయి. ఆ ఏడు సూర్యుడు మంచి ఉధృతిలో ఉన్నాడు కాబట్టే కరోనా అంత గుండ్రంగా విచ్చుకుందని పెద్దయ్యాక చదివాను. పైన శుక్రుడు. దిక్కుల అంచులన్నిటా సంజ కెంజాయ. కొంగలు చెరువు నుంచి చెట్లకు మళ్లాయి. సమయం రాసుకుంటానన్న మాస్టారు గడియారం వంకే చూడలేదు. రెండు నిమిషాలు దాటాయో లేదో, మళ్లీ పగలు.

ఇంటికి రాగానే చిన్నమ్మ అడిగింది, “ఎట్లుండె బిడ్డా?” నాకు చేతనైనట్టు చెప్పాను. “గోడకు ఇవతల పండుకొని పోగొట్టుకుంటి” అంది. ఒక చోటికి ఆ నీడ మళ్లీ రావాలంటే సగటున మూడు నాలుగు వందల ఏళ్లు పడుతుంది. పాక్షికంగా ఉన్నప్పుడు సూర్యుణ్ణి ఉత్త కళ్లతో చూస్తే చూపు పోతుంది, అది నిజమైన ప్రమాదం. కడుపులో బిడ్డకూ కుండలో అన్నానికీ గ్రహణం చేసే కీడు ఏదీ లేదు. మా చిన్నమ్మ చేత ఆ కిటికీ మూయించిన భయం మీద నాకు ఇవాళ్టికీ కోపమే.

హైదరాబాద్‌లో ఉన్న మేనమామ తర్వాత ఉత్తరం రాశాడు: మబ్బు పట్టినట్టు మసకయిందట, అంతే. నూటికి ఒక వంతు సూర్యుడు మిగిలినా పగలు పగలే.

ఆ మాటే 2024 ఏప్రిల్ 8న మళ్లీ విన్నాను. అప్పుడు నేను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. పొద్దుటి నుంచీ మబ్బు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటాక సరిగ్గా కావలసిన చోట విడిపోయింది. మూడు నిమిషాలకు పైగా చీకటి. అపార్ట్‌మెంట్ల ముందు తెలుగువాళ్లు పిల్లల్ని ఎత్తుకుని, గ్రహణం కళ్లద్దాలు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. ఒక నిండు గర్భిణి కుర్చీ తెచ్చుకుని కూర్చుంది. ఆమెను చూసి నాకు కళ్లు చెమర్చాయి. హ్యూస్టన్ నుంచి బంధువులు ఫోన్ చేసి, తమకు చీకటే పడలేదన్నారు. ఇండియాలో అప్పటికి అర్ధరాత్రి దాటి ఉగాది వచ్చేసింది. అక్కడివాళ్లకు సూర్యుడు భూమికి అవతల ఉన్నాడు. కనిపించని గ్రహణానికి పట్టింపు లేదని మన పంచాంగం చెప్పేవాళ్లూ ఒప్పుకుంటారు.

చంద్రగ్రహణానికి ఇంత పిసినారితనం లేదు. చంద్రుడు ఉన్న చోట భూమి నీడ దాదాపు 9,000 కిలోమీటర్ల వెడల్పు, చంద్రుడి వ్యాసం 3,474 కిలోమీటర్లే. మొత్తంగా మునిగిపోతాడు. ఆ వేళకు ఎవరి ఆకాశంలో చంద్రుడు ఉంటే వాళ్లందరికీ ఒక్కసారే కనిపిస్తాడు. 2025 సెప్టెంబర్ 7 రాత్రి 11 నుంచి 12.22 దాకా దేశమంతటికీ సంపూర్ణ గ్రహణమే. ఈసారి అబ్బాయికి లేదు, అక్కడ మిట్టమధ్యాహ్నం. నేనూ చిన్నమ్మా డాబా ఎక్కాం. మబ్బులు కదిలినప్పుడల్లా రాగి రంగు చంద్రుడు. ఆమె మోకాళ్ల నొప్పులు మరిచిపోయి, విడుపు దాకా కిందికి దిగనంది.

2034 మార్చి 20న చంద్రుడి నీడ కార్గిల్ మీదుగా పోతుంది. మనకు ఇక్కడ పాక్షికమే. చిన్నమ్మ వెళ్లి తీరాలంటోంది. ఆనాడు ఆమె కడుపులో ఉన్న మా తమ్ముడు, తీసుకెళ్లే బాధ్యత నాదన్నాడు.