కొప్పులో ఏటికొప్పాక

జానెడు పొడవు. చిటికెన వేలికన్నా సన్నం. ఒక చివర గుండ్రటి తల, రెండో చివర మొద్దుగా అరగదీసిన మొన. జుట్టును మెలితిప్పి చుట్టి ఈ పుల్లను గుచ్చితే చాలు... క్లిప్పులూ పిన్నులూ లేకుండానే కొప్పు నిలుస్తుంది. బజారులో 'జూడా స్టిక్' అని అడిగితే ఇచ్చేది దీన్నే. ప్లాస్టిక్‌వైతే ఎక్కడైనా దొరుకుతాయి. అంకుడు కర్రతో చేసి లక్క పట్టించిన పుల్ల కావాలంటే మాత్రం, పేరులోనే కొప్పున్న ఊరి దారి పట్టాలి. అదే ఏటికొప్పాక!

అనకాపల్లి జిల్లా ఎస్.రాయవరం మండలంలో, వరాహ నది ఒడ్డున ఉందీ ఊరు. విశాఖపట్నం నుంచి 60 కిలోమీటర్ల పైమాటే. లక్కపిడతలూ బొంగరాలూ కుంకుమ భరిణెలూ ఇక్కడి పాత సరుకు. గాజులూ, కొప్పు పుల్లల్లాంటివీ ఆ తర్వాత వచ్చి చేరినవి.

తిరిగే కర్ర... కరిగే లక్క

అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా ఉంటుంది. బాగా ఆరాక తరిమెనకు బిగిస్తారు. పూర్వం దాన్ని చేత్తో తిప్పేవారు, ఇప్పుడు మోటార్లొచ్చాయి. కర్ర గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి చెక్కుతారు. బొమ్మకన్నా పుల్ల తేలికనుకుంటే పొరపాటే! సన్నబడే కొద్దీ కర్ర అదురుతుంది. ఉలి కాస్త గట్టిగా తగిలితే పుటుక్కున విరుగుతుంది. అందుకే కర్రలోని ఈనె ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిన్నగా ఉన్న ముక్కనే ఎంచుకోవాలి. మొన మరీ వాడిగా ఉంటే తలలో గుచ్చుకుంటుంది, గరుకుగా ఉంటే వెంట్రుకలు తెగుతాయి. కాబట్టి నునుపు చేయడమే అసలు పని.

ఆ తర్వాత రంగు. ఇక్కడ కుంచెతో పనిలేదు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే కర్రకు అదిమిపెడతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. చివరగా మొగలి ఆకుతో రుద్దితే... అద్దంలా మెరుపు!

పసుపు, జాఫ్రా, నీలి

ఒకప్పుడు ఇక్కడా రసాయన రంగులు రాజ్యమేలాయి. చవక, పైగా పని త్వరగా అవుతుంది. కానీ అలాంటి రంగుల్లో సీసం ఉండే ప్రమాదం ఉంది. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకు అది తగునా? ఆ ఊరికే చెందిన సి.వి.రాజు మళ్లీ చెట్టూ చేమల రంగుల వైపు మళ్లారు, తోటి కళాకారులనూ మళ్లించారు. పసుపు కొమ్ములతో పసుపు, జాఫ్రా గింజలతో నారింజ ఎరుపు, నీలిమందుతో నీలం. పసుపూ నీలం కలిస్తే ఆకుపచ్చ. ఆయన కృషికి 2023లో పద్మశ్రీ దక్కింది. అంతకుముందే, 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర వేడుకల్లో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఢిల్లీ వీధుల్లో ఊరేగినవీ ఈ బొమ్మలే.

చెట్టుంటేనే...

పేరు వచ్చింది, మరి కర్ర? అది కొరవడుతోందని కళాకారులు చాలాకాలంగా చెబుతున్నారు. అంకుడు తోటలు పెంచాలన్నది వారి కోరిక. అదేమంత అసాధ్యం కాదు. నరికిన మోడు నుంచి మళ్లీ చిగురించే చెట్టు ఇది. కొమ్మలు కోసుకుని మొదలును బతకనిస్తే మళ్లీ మళ్లీ కర్రనిస్తుంది. దాని ఆకుల నుంచి ఒకప్పుడు నీలిరంగు కూడా తీసేవారు. బొమ్మకు చాలని సన్నటి కొమ్మ కూడా కొప్పు పుల్లకు సరిపోతుంది. ఒక్క ముక్కా వృథా పోనక్కర్లేదు.

కొన్నవారికి రెండు జాగ్రత్తలు. లక్క వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్‌కు కరుగుతుంది. కాబట్టి వేడినీళ్లూ, సెంటూ, శానిటైజరూ తగలనీయొద్దు. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. పుల్లను ఇంట్లో మనం కాపాడుకోగలం. అడవిలో అంకుడునూ అలాగే కాపాడుకుంటేనే ఏటికొప్పాకలో తరిమెన తిరిగేది!