బాలానగర్ తెర మీద నాలుగు రేజర్లు

రేజర్ కొనబోతే దుకాణంలో వినిపించేవి రెండే మాటలు. ఒకటి బరువు: "చేతిలో పట్టి చూడండి సార్, ఎంత గట్టిగా ఉందో!" రెండోది మెరుపు. ఎన్నేళ్ళు ఆగుతుందని అడిగితే బరువు చూపిస్తారు. చర్మానికి మెత్తగా ఉంటుందా అని అడిగితే నవ్వి, "కొత్తవాళ్ళు కూడా వాడుకోవచ్చు" అంటారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు అమ్మేవాడి దగ్గర కాదు, లోహాన్ని కోసేవాడి దగ్గర దొరుకుతుందనిపించింది. నాలుగు రేజర్లు ఒక స్వీట్ డబ్బాలో వేసుకుని బాలానగర్ వెళ్ళాను.

బాలానగర్ గురించి హైదరాబాద్ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు. 1960లలో ఐడీపీఎల్, హెచ్‌ఏఎల్ లాంటి ప్రభుత్వ సంస్థలు వచ్చాక, పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసిపెట్టే చిన్న షెడ్లు ఆ చుట్టుపక్కల పుట్టుకొచ్చాయి. టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ, అందరూ సీఐటీడీ అనేది, 1968లో ఇక్కడే వెలిసింది. ఇప్పటికీ ఒక షెడ్డులో లేత్ తిరుగుతుంటే పక్కదాంట్లో మిల్లింగ్, ఎదురుగా హీట్ ట్రీట్‌మెంట్, వెనక సందులో ప్లేటింగ్. మిల్లీమీటరులో వందో వంతు తేడా వస్తే జాబ్ వెనక్కి తిరిగొస్తుందన్న భయంతో బతికే చోటు ఇది. రేజర్‌ను అడగడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తోచలేదు.

స్నేహితుడి పరిచయంతో వెళ్ళిన షాపులో యజమానిని పనివాళ్ళంతా మేస్త్రీ అనే పిలుస్తారు. అరవై దాటిన మనిషి. సొంత షాపు పెట్టినా ఆ పిలుపు పోలేదు, పోవాలని ఆయనకూ ఉన్నట్టు లేదు. షెడ్డు మొత్తానికి ఏసీ ఉన్నది ఇన్‌స్పెక్షన్ గదికే. అదీ మనుషుల కోసం కాదు, గేజ్‌ల కోసం. డబ్బా మూత తీసి చూసి, "గిదేంది సార్, మంగలి షాపు పెడుతున్నరా?" అన్నాడు.

నాలుగింటిలో ఒకటి జిలెట్ టెక్. 1930ల చివర్లో వచ్చిన నమూనా. ఇది ఇంగ్లండ్‌లో తయారైంది, జుమ్మేరాత్ బజార్‌లో పాత తాళాల కుప్ప మధ్య దొరికింది. రెండోది జర్మనీ వాళ్ళ మ్యూలే ఆర్41. దీనికి బ్లేడు కింద చర్మానికి ఆనే గార్డు కడ్డీలా ఉండదు, దువ్వెన పళ్ళలా ఉంటుంది. రేజర్ల పిచ్చి ఉన్నవాళ్ళు దీని పేరు కొంచెం భయంతో తలుస్తారు. మూడోది కెనడా నుంచి బావమరిది తెచ్చిన హెన్సన్ ఏఎల్13, అల్యూమినియంతో చేసింది. విమాన విడిభాగాలు చేసే మెషీన్ షాపులో పుట్టిన రేజర్ అది. నాలుగోది ఇక్కడే ఆన్‌లైన్‌లో కొన్నది. "స్టెయిన్‌లెస్ స్టీల్" అని పెట్టె మీద పెద్దక్షరాలు. దాని పేరు చెప్పను.

ఈ రేజర్ల నిర్మాణం మనకు తెలిసిందే. పైన మూత, కింద అడుగు ప్లేటు, మధ్యలో రెండంచుల బ్లేడు. పిడి తిప్పితే మూత, ప్లేటు దగ్గరికొచ్చి బ్లేడును కొద్దిగా వంచి పట్టుకుంటాయి. కింగ్ జిలెట్‌కు 1904లో పేటెంటు వచ్చిన నాటి నుంచి ఈ ఏర్పాటులో సారం మారలేదు. మారేదల్లా కొలతలే. మేస్త్రి ముందు ఫీలర్ గేజ్ తీశాడు. బ్లేడు అంచుకూ గార్డుకూ మధ్య సందులో సన్నటి ఉక్కు ఆకులు ఒక్కొక్కటిగా దూర్చి చూశాడు. అమ్మకాల ప్రకటనల్లో రేజర్ ఎంత మెత్తనిదో చెప్పడానికి ఇచ్చే అంకె ఈ సందే. కొన్ని కంపెనీలు దాన్ని పేరులోనే పెట్టుకుంటాయి: గేమ్ చేంజర్ .68 అంటే సందు 0.68 మిల్లీమీటర్లు. సందు తక్కువైతే మెత్తన, ఎక్కువైతే కరుకు అని జనం లెక్క.

టెక్‌లోనూ ఆ పేరు చెప్పని రేజర్‌లోనూ దాదాపు ఒకే ఆకు పట్టింది. వాడకంలో చూస్తే ఆ రెంటికీ పొంతన లేదు. టెక్‌తో గీస్తే బ్లేడు ఉందా లేదా అన్నంత నెమ్మది. రెండోది గడ్డం కింద గాటు పెట్టకుండా వదలదు. ఆ మాట చెబితే మేస్త్రికి హుషారొచ్చింది. "అయితే సందుల లేదు సార్ కథ. ప్రొజెక్టర్ మీద పెడదాం పట్టండి."

ప్రొఫైల్ ప్రొజెక్టర్ అంటే వస్తువు వెనక దీపం పెట్టి, దాని నీడను పెద్దది చేసి గుండ్రటి గాజు తెర మీద వేసే యంత్రం. ఇరవై రెట్ల లెన్సు బిగించి టెక్‌ను పక్కవాటుగా నిలబెట్టాడు. తెర మీద మూత వంపు, దాని కింద గార్డు, రెంటి మధ్యలోంచి కొద్దిగా కనిపిస్తున్న బ్లేడు. అసలు మందం 0.1 మిల్లీమీటరు, అక్కడ రెండు మిల్లీమీటర్లుగా కనిపిస్తోంది. తెర మీది సన్నటి గీతను తిప్పి, ఒక వైపు మూతనూ ఇంకో వైపు గార్డునూ తాకేలా నిలిపాడు. "ఈ గీత మీ చెంప అనుకోండి. బ్లేడు గీత దాటిందా, దాటలేదా? గంతే చూడాలె."

టెక్ బ్లేడు అంచు గీత దగ్గరే ఆగిపోయింది. పేరు చెప్పని రేజర్‌లో అంచు గీత దాటి స్పష్టంగా బయటికొచ్చింది. సందు ఒకటే, అంచు నిలబడ్డ చోటు వేరు. ఆర్41ను పెడితే మాటే అక్కర్లేదు, తెర మీద బ్లేడు తల పొడుచుకుని నిలబడింది. ఇక హెన్సన్ మెత్తన రకానికి అంచు గీత దాటేది 0.027 మిల్లీమీటరు మాత్రమేనని తయారీదారు చెప్పుకుంటారు. ఇరవై రెట్లు పెంచినా అది అర మిల్లీమీటరు. మేస్త్రి కళ్ళద్దాలు సరిచేసుకుని చూసి, మెచ్చుకోలుగా తలాడించాడు. ఆయన ఎవరి పనినీ ఊరికే మెచ్చుకోడని పనివాళ్ళ మొహాలు చూస్తే తెలిసింది.

తెర మీద ఇంకో సంగతి కూడా బయటపడింది. మూత బ్లేడును ఎంత దూరం దాకా కప్పి పట్టుకుంది అన్నది. పేరు చెప్పని దాంట్లో మూత అంచు బాగా లోపలే ఆగిపోయింది. పట్టులేని బ్లేడు మొండి వెంట్రుకకు తగలగానే వణుకుతుంది. ఆ వణుకు మన చేతికి తెలియదు, చర్మానికి తెలుస్తుంది. హెన్సన్ మూత బ్లేడును దాదాపు అంచు దాకా నొక్కి పట్టుకుంది. అలాగని సందుకు విలువ లేదనను. చెంప గీతలా గట్టిగా ఉండదు కదా. రేజర్‌ను నొక్కి పట్టేవాడికి చర్మం ఉబ్బి సందులోకి దూరుతుంది. సందు పెద్దదైతే అక్కడ తెగుతుంది. నొక్కకుండా, రేజర్ బరువుకే వదిలేసి, పిడిని చెంపకు ముప్ఫై డిగ్రీల దగ్గర పట్టుకోవడం వస్తే సందు గొడవ చాలావరకు తీరిపోతుంది.

ఇంతకీ ఇంట్లో ప్రొజెక్టర్ ఎవరికుంటుంది? అంచు సంగతి కొంత కంటికీ అందుతుంది. బ్లేడు బిగించి, రేజర్ తలను పక్కనుంచి కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టి, మూతకూ గార్డుకూ ఆనేలా ఒక స్కేలు అంచు పెట్టి చూస్తే, బ్లేడు స్కేలును ఎత్తేస్తుందా లేదా అన్నది కనిపిస్తుంది. అసలు పరీక్ష మాత్రం గడ్డం మీదే. రెండు రేజర్లలోనూ ఒకే రకం కొత్త బ్లేడు, ఒకే సబ్బు, కుడి చెంప ఒకదానికి, ఎడమ చెంప రెండోదానికి. బ్లేడు మార్చి చూడకుండా రేజర్‌ను తిట్టకూడదు. జపాన్ ఫెదర్ బ్లేడు వేస్తే మా టెక్‌కు కూడా కోపం వస్తుంది.

మెత్తనిదైతే చాలు, మంచిదేనన్న నమ్మకం నాకు లేదు. గడ్డం కింద ఒకే చోట ఎన్నిసార్లు గీయాల్సి వస్తోందో లెక్కపెట్టుకోవాలి. మరీ మెత్తన రేజర్ మొండి గడ్డాన్ని ఒక పట్టున తియ్యదు. వాలుకు ఒకసారి, అడ్డంగా ఒకసారి, ఎదురు ఒకసారి, మిగిలిపోయిన చోట మళ్ళీ. ప్రతి గీతకూ చర్మం పైపొర కొంచెం లేస్తుంది. గాటు ఒక్కటీ పడదు, స్నానం చేసి పౌడరు రాసుకునే వేళకు మెడంతా మంట. అదే కొంచెం ధైర్యమున్న రేజర్ రెండు గీతల్లో పని ముగించి పక్కకు తప్పుకుంటుంది. రోజూ గీసుకునేవాడికి టెక్ చాలు. వారానికొకసారి అద్దం ముందు నిలబడేవాడికి అది చాలదు. తన గడ్డం సంగతి ఇంకా తేలనివాడికి పలకలు మార్చుకునే రేజర్ నయం. రాక్‌వెల్ 6ఎస్‌కు మూడు ప్లేట్లు ఇస్తారు. ఒక్కోదానికి రెండు వైపులా వేర్వేరు అంకెలు, ఒకటి నుంచి ఆరు దాకా. ఒకటితో మొదలుపెట్టి, మంట లేకుండా గడ్డం తెగే అంకె దగ్గర ఆగిపోవచ్చు.

మెత్తదనం సంగతి అలా ఉంచి, మన్నిక దగ్గరికొచ్చాం. పెట్టె మీది "స్టెయిన్‌లెస్ స్టీల్" మాటను మేస్త్రి నమ్మలేదు. నేను అయస్కాంతం అడిగితే నవ్వాడు. 304 రకం స్టీలు అయస్కాంతానికి సరిగ్గా అంటదు, ఇత్తడీ అంటదు, జింకూ అంటదు, ఏం తేలుతుందని? డిజిటల్ కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి అంకెను సున్నాకు తెచ్చాడు. అడుగు ప్లేటును దారానికి కట్టి, అడుగుకు తగలకుండా నీళ్ళలో వేలాడదీశాడు. కాటా మూడు గ్రాములు చూపించింది. అంటే ప్లేటు తొలగించిన నీళ్ళు మూడు గ్రాములు. బయట ప్లేటు బరువు 20.1 గ్రాములు. భాగిస్తే 6.7. స్టీలైతే ఎనిమిది దగ్గర, ఇత్తడైతే ఎనిమిదిన్నర దగ్గర రావాలి. 6.7 అంటే జింకు మిశ్రమం. పిడిని తూచితే స్టీలే. పెట్టె అబద్ధమాడలేదు, సగం నిజం చెప్పింది.

జింకు మిశ్రమం చెడ్డదనలేం. నాలుగు శాతం దాకా అల్యూమినియం కలిపిన ఈ లోహం నాలుగు వందల డిగ్రీల లోపే కరుగుతుంది. ఒత్తిడితో అచ్చులో పోస్తే సన్నటి వంపులు కూడా చక్కగా వస్తాయి. పేరున్న జర్మన్ రేజర్లలో చాలావాటి తలలు దీనివే. పైన మంచి నికెల్, క్రోమ్ పూత ఉన్నంతకాలం నిశ్చింతగా నడుస్తాయి. చిక్కంతా పూత చిట్లాకే. నీళ్ళు లోపలికి దిగితే జింకు తెల్లగా బూజులా పొంగి, పూతను లోపల్నుంచి లేపేస్తుంది. మన బోరు నీళ్ళ ఉప్పు పేరుకుంటే నిమ్మరసంతో రుద్దడం ఇళ్ళలో అలవాటు. చిట్లిన జింకు రేజర్‌కు అదే చావుదెబ్బ. ఇంకో బలహీనత మూత మధ్యనుంచి దిగే మర కాడ. గచ్చు మీద పడితే జింకు కాడ పుటుక్కున విరుగుతుంది. ఇత్తడిదైతే వంగుతుంది, వంగింది సరిచేసుకోవచ్చు. మేస్త్రి ప్రతి రేజర్‌లోనూ ముందు చూసింది ఆ మరలనే. "మెరుపు ఎవరన్నా తెస్తరు సార్. థ్రెడ్ పోతే రేజర్ పోయినట్టే."

స్టీలులో 316 రకానికి మాలిబ్డినం తోడు ఉంటుంది కాబట్టి ఉప్పునీళ్ళకు తట్టుకుంటుంది. పూతే అక్కర్లేదు, ఊడడానికేమీ ఉండదు. కోయడానికి మాత్రం మొండి ఘటం, అందుకే ఆ ధర. అల్యూమినియం రేజర్ తేలికగా ఉంటుంది, దాని మరలను ఇసుక, ఉప్పు లేకుండా కడుక్కుంటే బాగానే ఆగుతుంది.

వెనక సందులో ప్లేటింగ్ షాపుకు మేస్త్రే వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు. అక్కడి కుర్రాడు పేరు చెప్పని రేజర్ తలను ఒక్కసారి చూసి తిరిగిచ్చేశాడు. జింకును నేరుగా నికెల్ తొట్టిలో ముంచితే తొట్టిలోని ఆమ్లం దాన్ని తినేస్తుంది, ముందు రాగి పూత వెయ్యాలి, ఒక్క ముక్క కోసం ఆ తతంగం తనవల్ల కాదన్నాడు. టెక్‌ను మాత్రం సంతోషంగా తీసుకున్నాడు. బఫింగ్ చక్రం మీద అద్దంలా చేసి, నికెల్ వేసి ఇస్తానన్నాడు.

మేస్త్రి ఆ చేతిని అక్కడే ఆపాడు. బఫింగ్ చక్రానికి పెడితే ముందు అరిగేది మూత అంచే. అది వెంట్రుక మందం అరిగినా బ్లేడు అంత బయటికొస్తుంది. అప్పుడు మెత్తన టెక్ కాస్తా కరుకు రేజరైపోతుంది. "పిడికి బఫ్ కొట్టు, మూతనూ ప్లేటునూ ఊరికే కడిగి ముంచు తమ్మీ. అంచు ముట్టొద్దు." గీతలు కనిపిస్తాయే అన్నాడు కుర్రాడు. కనిపించనీ అని నేనన్నాను. చీటీ మీద "హెడ్ నో బఫ్" అని రాయించుకుని, అడ్వాన్సు ఇచ్చి వచ్చాను.