చూడీ కలవాలి

ఉర్దూలో చూడీ అంటే గాజు. గల్లీ చివర మెకానిక్ షాపులో అదే మాటకు ఇంకో మానీ ఉంది, బోల్టు మీది మర. మర అరిగిపోతే ఉస్తాద్ ‘చూడీ మర్ గయీ’ అంటాడు. ఉర్దూ మీడియంలో చదివి తర్వాత తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి కదా, మర, చూడీ రెండూ నాకు పక్కపక్కనే వినిపిస్తాయి. లోహం చుట్టూ వరసగా తొడిగిన సన్నని గాజుల్లాగే కదా మరలు ఉండేది!

అమ్మీ లాడ్ బజార్‌కి గాజులకు వెళ్తే పాత గాజు ఒకటి నమూనాకి పట్టుకెళ్లేది. రెండు-నాలుగు సైజంటే రెండు అంగుళాల పైన పదహారో వంతులు నాలుగు. రెండు-ఆరుకీ దానికీ ఫర్క్ అంగుళంలో ఎనిమిదో వంతే. కంటికి ఆనదు, చేతికి తెలుస్తుంది. బిర్యానీలో ఉప్పు అందాజ్‌గా వేసే అమ్మీ, గాజుల దగ్గర మాత్రం అందాజ్ ఒప్పుకునేది కాదు.

ఈ లెక్క నాకు అబ్బాజాన్ బండి దగ్గర పనికొచ్చింది. ఆయన వదిలివెళ్లిన హీరో హోండా సీబీజెడ్, 1999లో మార్కెట్‌కి వచ్చిన మోడల్, 156.8 సీసీ, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు. మా చెల్లెలి కొడుక్కి నౌకరీ దొరికింది. “మామూ, నానాజాన్ బండి నాకివ్వండి” అన్నాడు. చెల్లెలు పక్కకి పిలిచి, “భాయీజాన్, బ్రేకులు మీరు చూసి ఇవ్వండి. వాడి స్పీడ్ మీకు తెలుసుగా” అంది. ఆ మాటతో అది బండి ఇవ్వడం కాదు, అమానత్ అయింది.

బ్రేకు గొట్టం మీద రబ్బరు పగుళ్లిచ్చింది. లీవరు పట్టుకుంటే స్పంజిలా మెత్తగా దిగుతోంది. గొట్టం చివర ఉంగరంలాంటి కన్ను ఉంటుంది, దాన్ని బాంజో అంటారు. అందులోంచి దూరే బోల్టు లోపల బోలుగా ఉంటుంది, పక్కన చిన్న రంధ్రం. బ్రేకు ఆయిల్ ఆ దారిలోనే కాలిపర్‌కి పోతుంది. కన్నుకి ఇరువైపులా రాగి వాషర్లు. మా బోల్టుకి తల అరిగిపోయింది కాబట్టి గొట్టంతోపాటు అదీ కొనాలి.

రాణీగంజ్‌లో ఒక దుకాణదారు చూడకుండానే ఒక పుర్జా చేతిలో పెట్టాడు. “టెన్ ఎంఎం సాబ్, అన్నిటికీ ఇదే.”

టెన్ ఎంఎం అన్నది నిజమే. అయితే అది లావు మాత్రమే చెబుతుంది. మరకీ మరకీ మధ్య దూరం, అంటే పిచ్, చెప్పదు. జపాన్ బండ్ల బ్రేకుల్లో మామూలుగా అది 1.25 మిల్లీమీటర్లు. బ్రెంబో లాంటి ఇటలీ బ్రేకుల్లో, చాలా యూరప్ బండ్లలో 1.0. పాత ఇంగ్లీషు బండ్లలోనైతే అంగుళాల హిసాబ్: 3/8 అంగుళం లావు, అంగుళానికి 24 మరలు. అది దాదాపు 9.5 మిల్లీమీటర్లు. పది మిల్లీమీటర్ల రంధ్రంలోకి వదులుగా దూరి పట్టినట్టే నటిస్తుంది.

నేను పాత బోల్టుని జేబులోంచి తీసి కొత్తదాని పక్కన పెట్టాను. సరైన జోడీ అయితే ఒకదాని పళ్లు ఇంకోదాని సందుల్లో కూర్చుంటాయి, మధ్యలోంచి వెలుతురు రాదు. ఇక్కడ మూడో మర నుంచే దారి తప్పింది. పది మిల్లీమీటర్ల పొడవులో పాతదానికి ఎనిమిది మరలు, కొత్తదానికి పది.

“కొంచెం గట్టిగా తిప్పితే పోతుంది మామూ” అన్నాడు భాంజా. పోతుంది బేటా, అదే ఖత్రా. బోల్టు ఉక్కు, కాలిపర్ అల్యూమినియం. ఒకటి రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. అక్కడ స్పానర్‌తో జబర్దస్తీ చేస్తే మెత్తటి లోహంలో మర చచ్చిపోతుంది. ఇంటి ముందు నిలబెట్టినప్పుడు చుక్క కారకపోవచ్చు. అడ్డంగా ఎవరో వస్తే నువ్వు లీవరు గట్టిగా నొక్కుతావు చూడు, ఒత్తిడి మొత్తం దాని మీద పడేది అప్పుడే.

ఇంకో దుకాణంలో 1.25 దొరికింది. తల కింది పొడవు కూడా కలిపి చూశాం. బోల్టు పొడవెక్కువైతే అడుగున తగిలి ఆగిపోతుంది, వాషర్లు నొక్కుకోవు. తక్కువైతే పట్టు చాలదు. ఇంటికొచ్చాక ముందు వేళ్లతోనే తిప్పమన్నాను. సాఫీగా చివరిదాకా దిగింది. కొత్త రాగి వాషర్లు వేశాం, పాతవి మళ్లీ వాడకూడదు. టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పినంతే బిగించి, మూత మీద రాసి ఉన్న రకం ఆయిల్ పోసి, గాలంతా తీశాం. తర్వాత లీవరు నొక్కిపట్టి, రెండు చివరలా తెల్ల కాగితం ఒత్తి చూశాం. తడి అంటలేదు. అప్పుడే తాళంచెవి ఇచ్చాను.

మన ఇళ్లలో అబ్బా బండి బేటాకో, మామూ బండి భాంజాకో రావడం ఆమ్ బాత్. బ్రేకు పని పడితే పాత పుర్జా పారేయకండి, జేబులో వేసుకుని వెళ్లండి. రెండూ పక్కపక్కన పెట్టి చూపించమని అడగండి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి, ఇంకో దుకాణం ఉంటుంది.