బార్డుస్టౌనులో పాత సీసా

గత వేసవి సెలవులలో మా మఱిది పిలుపు మీద అమెరికా పోయి, కెంటకీ రాష్ట్రమున నొక నెల యుంటిమి. అతని కాపురము లూయివిల్ నగరమునకు దక్షిణముగా 40 మైళ్ల దూరమున నున్న బార్డుస్టౌను అను చిన్న పట్టణమున. బయలుదేరుటకు ముందు ఇల్లు సర్దుచు, మా అత్తగారి నాటి యిత్తడి గుండిగను తిరిగి రాగానే తూకమునకు వేయుదమని నిశ్చయించుకొంటిమి. ఆ మాట యిచట నేల చెప్పితిమో తుదకు తెలియగలదు.

బార్డుస్టౌనుకు పేరు దెచ్చినది బూర్బన్ అను మద్యము. స్త్రీల పత్రికలో మద్యము ప్రసంగమేమని సోదరీమణులు ముక్కుమీద వ్రేలు వేసికొనవచ్చును. మా యింట దానిని ముట్టరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించిన కథను మా తల్లిగారి నోట వినుచు పెరిగిన వారము. కాని మేమిపుడు చెప్పబూనినది త్రాగుడును గూర్చి కాదు. ఒక వస్తువునకు వెల కట్టుటను గూర్చి.

మా మఱిది పొరుగున డెబ్బది యేండ్లు దాటిన యొక పెద్దమ్మగారు కలరు. ఆమె భర్త మద్యపు పీపాల గిడ్డంగిలో చిరకాలము పనిచేసి, రెండేండ్ల క్రిందట గతించెను. అతని తండ్రి నాటి సీసా యొకటి మూత తీయకుండ బీరువాలో నుండెను. ఆమె యింటి కప్పు కాఱుచున్నది. బాగుచేయించుటకు చేత సొమ్ము లేదు. పాత సీసాలకు వేల డాలర్లు పలుకునని యెవరో చెప్పగా ఆమె యాశ యంతయు దానిమీద నిలిచెను. అనుమతి గల దుకాణదారులు ఇండ్లలోని పాత సీసాలను కొని యమ్ముకొనుటకు ఆ రాష్ట్రమున 2018 మొదలు చట్టము వీలు కల్పించినది. అట్టి దుకాణమునకు తన్ను తీసికొని పొమ్మని ఆమె మా మఱిదిని కోరెను. మేమును వెంట బయలుదేరితిమి.

త్రోవలో పొలముల నడుమ ఏడంతస్తుల గిడ్డంగులు కనబడెను. వాని గోడలును, చుట్టునున్న చెట్లును మసి పూసినట్లు నల్లగా నుండెను. పీపాలనుండి వెడలు ఆవిరిని పీల్చి పెరుగు బూజు అది యని పెద్దమ్మగారు చెప్పిరి. ఏటేట అట్లు తఱిగిపోవు పాలును అచటివారు దేవదూతల వంతు అందురట. ఆ నల్లదనమును కడుగలేక విసిగి, ఇరుగుపొరుగు వారు వ్యాజ్యములు వేయుటయు కలదు.

ఆమె చెప్పిన దానిని బట్టి మేము గ్రహించినది యిది. బూర్బనుకు వాడు ధాన్యములో నూటికి 51 పాళ్లకు తక్కువ కాకుండ మొక్కజొన్న యుండవలెను. వచ్చిన సారమును, లోపలి వైపు బొగ్గగునట్లు కాల్చిన క్రొత్త ఓకు చెక్క పీపాలలో నుంచవలెను. పీపా యొక్కొక్కటి సుమారు 200 లీటర్లు పట్టును. పైనుండి రంగు గాని రుచి గాని కలుపరాదు. వేసవి వేడికి ద్రవము చెక్కలోనికి చొచ్చును. చలికాలమున వెలికి వచ్చును. ఆ రాకపోకల వలననే యెఱ్ఱని రంగు, తీపి, వగరు కలుగును. పాత బియ్యము, పాత చింతపండు మేలని మనమనుకొన్నట్లు ఇదియు ఎంత పాతదైన నంత మేలని మేము తలచితిమి. అది సరికాదట. చెక్కలో మితిమీఱి నిలిచినచో చేదెక్కును. సీసాలో పోసిన పిదప నూఱేండ్లుంచినను దాని వయస్సు పెరుగదు.

ఆమె సీసా బిరడాపై నడ్డముగా ఆకుపచ్చని సర్కారు కాగితపు పట్టీ యుండెను. పూర్వము కొందఱు వర్తకులు పచ్చి సారాయికి రంగులు కలిపి పాత సరుకని యమ్ముచుండగా, అమెరికా ప్రభుత్వము 1897లో నొక చట్టము చేసెను. ఒకే బట్టీలో ఒకే ఋతువున దిగి, సర్కారు తాళము క్రింద నాలుగేండ్లకు తగ్గక నిలిచి, నూటికి 50 పాళ్లు సారము గల దానికే ఆ చట్టపు ముద్ర దక్కును. ఈ పట్టీ మీద దిగిన యేడు 1953, సీసాలో పోసిన యేడు 1959 అని యుండెను. అనగా నది యెన్నేండ్లు బీరువాలో నున్నను ఆఱేండ్ల సరుకే.

దుకాణదారుడు మర్యాదస్థుడు. సీసాను దీపమున కెదురుగా పట్టి చాలసేపు చూచెను. పట్టీ చెక్కుచెదరలేదు, చీటీయు బాగున్నది. కాని బిరడా యెండి, లోని ద్రవము మెడ దిగి భుజము వఱకు తఱిగినది. సేకరించువారు నిండు సీసానే కోరుదురని చెప్పి, 300 డాలర్లు ఇత్తుననెను.

పెద్దమ్మగారి మొగము వాడెను. "రుచి చూచి వెల చెప్పరాదా?" యని యడిగిరి.

"అమ్మా, మూత తీసిన సీసాను నేను కొనరాదు. మూత తీయక రుచి యెట్లు తెలియును?" అని యతడనెను.

ఆమె కొంతసేపు మాటలాడక, సీసాను తువాలులో చుట్టుకొని లేచిరి.

ఆ సాయంకాలము మమ్ములను పిలిచి, మా కన్నుల యెదుట బిరడా తీసిరి. అది పొడిపొడియై లోన పడగా, పలుచని బట్టతో వడియగట్టిరి. కొంచెము గ్లాసులో పోసి, పెదవులు కొద్దిగా తెఱచి మెల్లగా వాసన చూడవలెననియు, చిన్న గ్రుక్కను నాలుక మీద త్రిప్పవలెననియు, పిదప రెండు చుక్కల నీరు చేర్చినచో పరిమళము విచ్చుకొనుననియు మా మఱిదికి నేర్పిరి. మొదట నించుక ముక్కవాసన, పిదప తీపి, తుదకు వగరు తోచెనని యతడు చెప్పెను.

మేము త్రాగమని యెఱిగి, మా యఱచేత నొక చుక్క వేసి రాచుకొమ్మనిరి. ఘాటు పోయిన పిదప బెల్లపు పాకము వాసన, దాని వెనుక పాత చెక్క పెట్టె వాసన వచ్చెను.

ఆమె గ్లాసును ముక్కు కడ నుంచుకొని చాలసేపు త్రాగలేదు. "సాయంకాలము పనినుండి వచ్చినపుడు మా యింటాయన చొక్కా ఇట్లే యుండెడిది. ఉదుకబోవుచు విసుగుకొనెడిదానను" అనిరి.

300 డాలర్లు పోయెనే యని మేము లోలోన లెక్క వేసికొనుచునే యుంటిమి. కప్పు మాట తేలలేదు. మేము బయలుదేరు నాటికి దానిపై నీలి టార్పాలిను కప్పియుండెను. మా మఱిదియు, వీథిలోని మఱి ఇద్దఱును కలసి వానలకు ముందు బాగుచేయింప చందా ప్రోగుచేయుచుండిరి. సగము సీసా బీరువాలో నెప్పటి చోటనే యుండెను. ఇక దానికి అంగడిలో కానియైనను రాదు.

ఇల్లు చేరిన పిదప గుండిగ తూకము మాట మావారు జ్ఞాపకము చేసిరి. దానిని చింతపండుతో తోమి, మరల పొయ్యి మీద పెట్టితిమి.