కర్మన్‌ఘాట్‌లో కర్త ఎవరు?

ఎల్బీనగర్ మెట్రో స్టేషన్‌లో దిగి ఇన్నర్ రింగ్ రోడ్డు మీద చంపాపేట వైపు వెళితే వస్తుంది కర్మన్‌ఘాట్. మంగళ, శనివారాల్లో ఇక్కడి ధ్యానాంజనేయస్వామి గుడి భక్తులతో కిటకిటలాడుతుంది. ఊరి పేరులో 'కర్మ' వినిపిస్తుంది కానీ, స్థలపురాణం చెప్పే కథ వేరు.

12వ శతాబ్దంలో కాకతీయ రాజు రెండో ప్రోలుడు వేటకొచ్చి, అలసిపోయి చెట్టుకింద కూర్చున్నాడట. పొదల్లోంచి రామనామం వినిపించింది. వెళ్లి చూస్తే... ధ్యానంలో ఉన్న ఆంజనేయుడు! రాజు అక్కడే గుడి కట్టించాడు. కొన్ని శతాబ్దాల తర్వాత ఆ గుడిని కూల్చడానికి ఔరంగజేబే గడ్డపార పట్టుకుని వచ్చాడనీ, ఉరుములాంటి గర్జనకు చేతిలోని పార జారిపోయిందనీ చెబుతారు. 'మందిర్ తోడ్‌నా హై రాజా, తో కర్ మన్ ఘట్' అని ఆకాశవాణి పలికిందట. గుడి పడగొట్టాలంటే ముందు గుండె దిటవు చేసుకో అని! ఆ 'కర్ మన్ ఘట్' కాస్తా కర్మన్‌ఘాట్ అయింది.

కూలిందా... కూల్చారా?

ఈ కథలోని క్రియలు చూడండి. దేవుడు 'వెలిశాడు', గుడిని 'కట్టించారు'. పార 'జారింది', పాదుషా 'పారేయలేదు'. పని దానంతటదే జరిగినట్టు చెబితే అకర్మక క్రియ. ఒకరు మరోదాన్ని చేసినట్టు చెబితే సకర్మక క్రియ. హిందీలో టూట్‌నా-తోడ్‌నా. మనకు కూలు-కూల్చు, మారు-మార్చు, మునుగు-ముంచు.

జపనీస్ నేర్చుకునేవారికి పెద్ద తలనొప్పి ఈ జంటలే. 'అకు' అంటే తెరుచుకోవడం, 'అకెరు' అంటే తెరవడం. 'కొవారెరు' అంటే పాడవడం, 'కొవాసు' అంటే పాడుచేయడం. చివర్లో 'ఎరు' వస్తే మొదటి జంటలో సకర్మకం, రెండో జంటలో అకర్మకం! ఒక్క సూత్రం అన్నిటికీ పనిచేయదు. జంటలుగా బట్టీ పట్టాల్సిందే. అక్కడ టీ పెట్టి తెచ్చినవారు 'ఒచా గ హైరిమాషిత' అంటారు. టీ తనంతట తానే సిద్ధమైందన్నట్టు! నేను చేశానని చెప్పుకోకపోవడం మర్యాద. మన ఇళ్లలో 'వంటయింది, రండి' అనడం లేదూ... అలాగే.

ముంచిందెవరు?

మర్యాద సరే, ఇదే అకర్మకం తప్పునూ దాచేస్తుంది. గుడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళితే సరూర్‌నగర్ చెరువు కనిపిస్తుంది. 1626లో తవ్వించారని చెప్పే ఈ చెరువు ఇప్పుడు 'కుంచించుకుపోయింది' అంటాం. నీళ్లు తమంతట తాము జరిగి ఇళ్లకు చోటిచ్చాయా? చెరువును ఆక్రమించారు, పూడ్చారు, కట్టారు. 2020 అక్టోబరు వానలకు చెరువు పొంగి కోదండరాంనగర్ లాంటి కాలనీలు జలమయమయ్యాయి. 'కాలనీలు మునిగాయి' అన్నాం. ముంచిందెవరో ఆ వాక్యంలో లేదు.

ఈసారి స్వామి దర్శనానికి వెళ్తే, వస్తూ వస్తూ చెరువు దగ్గరా కాసేపు ఆగండి. 'చెరువు ఎందుకు చిన్నదైంది?' అని పిల్లలు అడిగితే, కర్తతో సహా జవాబు చెప్పండి.