గంగ అవతల ఒక్క డ్రిప్పు

దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో తెలుగు వినపడటం తక్కువ. మా బోగీ నిండా హైదరాబాద్ చుట్టుపక్కల సైట్లలో స్లాబులు పోసి, టైల్స్ పరిచి, ఇళ్లకు పోతున్న బీహారీ కుర్రాళ్లే. 2022 ఫిబ్రవరి. సికింద్రాబాద్‌లో పొద్దున ఎక్కితే, పొగమంచు పుణ్యమా అని మర్నాడు బాగా రాత్రయ్యాక దిగాను.

ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాడికి బీహార్‌లో ఏం పని అంటే, దాని వెనక మా మేనమామ ఉన్నాడు. 2021 వేసవిలో కరోనా తగ్గిన పది రోజులకే ఆయనకు బ్లాక్ ఫంగస్ వచ్చింది. లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ కోసం నాలుగు ఊళ్లు తిరిగాను. దొరకలేదు. చివరికి పాతరకం, ‘ప్లెయిన్’ అంటారే, అదే ఎక్కించారు. గంట తిరక్కుండా మంచం ఊగిపోయేంత చలి, వణుకు. వారం గడిచేసరికి క్రియాటినిన్ మూడు దాటింది. “ఒరేయ్, నువ్వు క్లాసులో చెప్పే మందు ఇదేనట్రా?” అన్నాడు మామయ్య పళ్లు టకటకలాడుతుంటే. మనిషి దక్కాడు. ఒక కన్ను పోయింది.

మందు రెండింట్లోనూ ఒకటే. అసలు చిక్కల్లా అది నీళ్లలో కరగకపోవడం. పాతరకంలో డీఆక్సీకోలేట్ అనే పైత్యరస లవణం కలిపి కరిగిస్తారు. కుంకుడు రసం తలమీది జిడ్డును నీళ్లలోకి లాక్కొచ్చే పని లాంటిదే అది. రక్తంలోకి వెళ్లాక ఆ పట్టు సడలిపోతుంది. విడిపడ్డ మందు ఫంగస్‌తో పాటు మన మూత్రపిండాల కణాల మీద కూడా పడుతుంది, అక్కడి కొలెస్ట్రాల్‌ను పట్టుకుంటుంది. లైపోసోమ్ చేసేవాళ్లు ఆ బలహీనతనే వాడుకున్నారు. సోయా నుంచి తీసిన కొవ్వు పదార్థంతో బుడగ కట్టి, దాని గోడలోనే కొలెస్ట్రాల్ పెట్టారు. మందు దాన్ని అంటిపెట్టుకుని కూర్చుంటుంది. బుడగ వెడల్పు వంద నానోమీటర్లలోపే. ఇలాంటి కొవ్వు బుడగలను కేంబ్రిడ్జ్ దగ్గరి బాబ్రహామ్‌లో అలెక్ బాంగమ్ గుడ్డు లెసిథిన్‌తో చేసి, 1964లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోలతో సహా లోకానికి చూపించాడు. ఏటా బోర్డు మీద గుండ్రం గీసి నేను చెప్పేది ఇంతవరకే. అయిదు మార్కుల ప్రశ్న.

మనకు డబ్బులిచ్చినా దొరకని ఆ మందును బీహార్‌లో కాలా అజార్ అనే జ్వరానికి ఉచితంగా ఇస్తారు. అది నా కళ్లతో చూడాలనుకున్నాను.

గంగ దాటించే గాంధీ సేతు మీద ట్రాఫిక్‌లో గంటన్నర. దిగితే హాజీపూర్, రోడ్డు పొడుగునా అరటి గెలలు. అక్కణ్ణుంచి లోపలికి వెళ్తే ఒక ప్రభుత్వాసుపత్రి. ఆ రోజు వార్డులో కాలా అజార్ రోగి ఒక్కడే. తొమ్మిదేళ్ల పిల్లవాడు, ఇరవై కిలోలు. చేతులు పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. మన పల్లెల్లో ‘కడుపులో బల్ల’ అంటారు చూడండి, అది. ప్లీహం బొడ్డుదాకా దిగింది. మంచం పక్కనున్న తండ్రి నన్ను ఎగాదిగా చూసి, “కూర్చో సార్. మీది హైదరాబాదా?” అన్నాడు తెలుగులో. మేడ్చల్‌లో సెంట్రింగ్ పనట. కొడుక్కి జ్వరం వదలడం లేదని ఫోనొస్తే వచ్చాడు.

సిస్టర్ నాలుగు వయల్స్ వరసగా పెట్టింది. ఒక్కోటి యాభై మిల్లీగ్రాములు. కిలోకి పది చొప్పున పిల్లవాడికి రెండువందలు. ఒక్కోదాంట్లో పన్నెండు మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ పోసి, పిడికిట్లో బిగించి గట్టిగా ఆడించింది. గోడ గడియారం చూస్తూ ముప్పై సెకన్లు. పసుప్పచ్చటి పొడి లేత పసుపు నీళ్లయింది. దాన్ని సన్నటి ఫిల్టర్ గుండా డెక్స్ట్రోజ్ సీసాలోకి పంపింది. మనం ఏ డ్రిప్పునైనా సెలైన్ అనేస్తాం. అలవాటుగా నా నోట ఆ మాటే వచ్చింది. “సెలైనా?” అని ఆమె నావైపు చూసిన చూపు నా స్టూడెంట్లు ఎవరైనా చూసుంటే బాగుండేది. ఉప్పునీళ్లు తగిలితే అది పాలు విరిగినట్టు విరిగిపోతుంది. ఆ సంగతి ఏటా నేనే చెబుతాను.

డ్రిప్పు రెండు గంటలు నడిచింది. పిల్లవాడు వణకలేదు. నా కళ్లు మాత్రం వాడి చేతిమీది నుంచి కదల్లేదు, మామయ్య మంచమే గుర్తొస్తూ.

ఈ జబ్బులో ఇంకో వింత ఉంది. దీని పరాన్నజీవికి 1903లో మద్రాసులో దాన్ని గుర్తించిన డొనోవాన్ పేరు కూడా కలిసింది. అది దాక్కునేది ప్లీహం, కాలేయం, ఎముక మజ్జల్లోని మాక్రోఫేజ్ కణాల్లో. బయటి సరుకేది రక్తంలోకి వచ్చినా మింగేయడమే ఆ కణాల పని. లైపోసోమ్‌నూ అవే మింగుతాయి. దొంగ దూరిన ఇంటికే మందు నడిచి వెళ్తుందన్నమాట. అందుకే ఒక్క మోతాదు చాలుతోంది. ముజఫర్‌పూర్‌లో శ్యామ్ సుందర్ బృందం చేసి 2010లో ప్రచురించిన పరీక్షలో, 29 రోజుల్లో పాతరకం 15 సార్లు ఎక్కించినవాళ్లూ, ఇది ఒక్కసారి ఎక్కించుకున్నవాళ్లూ దాదాపు సమానంగా కోలుకున్నారు. రెండు గుంపుల్లోనూ 96 శాతం అటూ ఇటూ.

తండ్రికి ఈ లెక్క నాకంటే బాగా తెలుసు. చిన్నప్పుడు అతనికీ ఇదే జ్వరం. “మొదట నెల రోజులు రోజూ సూది సార్. తగ్గలే. మళ్లీ రోజు విడిచి రోజు డ్రిప్పు. మా బాబు పనికి పోలే, ఆవును అమ్మేసిండు.”

మర్నాడు పొద్దున పిల్లవాడు పూరీ అడిగాడు. తండ్రి అప్పటికే మేస్త్రీకి ఫోన్ చేస్తున్నాడు. రానూపోనూ రైలు రోజులతో కలిపి అతనికి పోయిన కూలి తొమ్మిది రోజులు.